కంఠస్థమైన చూపు

వంశం అన్న మాట ఆ హాల్లో ఇంకొక్కసారి చెవిన పడితే తాను లేచి నిలబడి అందరికీ పాఠం మొదలుపెట్టేస్తానేమోనని ఉషారాణికి నిజంగానే భయం వేసింది. పక్క కుర్చీలో కోడలు భానుప్రియ ఫోనులో తల్లితో మాట్లాడుతోంది. మాట్లాడడమంటే, బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలోని ఈ కంటి ఆసుపత్రిలో కూర్చుని పార్వతీపురంలో ఉన్నావిడకు ఫోను అవసరం లేకుండానే వినబడేంత గొంతుతో. "లోపలికి తీసుకెళ్ళేరమ్మా. ఎడమ కన్ను. కుడిది పోయినేడే చేసేరు కదా. ఆఁ, జీన్స్ అంటన్నారు. మన వైపు ఎవరికీ లేదు కదా, మరి వీళ్ళ వంశంలో ఏటుందో..." 'వీళ్ళ' అన్నచోట మాత్రం గొంతు తగ్గించింది. తగ్గించినందువల్ల ఆ మాట మిగతా అన్ని మాటలకంటే స్పష్టంగా వినబడింది. ఉషారాణి కళ్ళజోడు తీసి, చీర కొంగుతో కాక, అందుకోసమే సంచిలో పెట్టుకున్న మెత్తని గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. కోపం వచ్చినప్పుడు అద్దాలు తుడవడం ఆవిడ అలవాటు. బిలాస్‌పూర్ రైల్వే స్కూల్లో ముప్పై ఏళ్ళ పాటు ఆవిడ దగ్గర జీవశాస్త్రం చదువుకున్న పిల్లలకు ఆ అలవాటు బాగా తెలుసు. ఆ గుడ్డ బయటికి వచ్చిందంటే వెనక బెంచీలు కూడా సద్దుమణిగేవి. భానుప్రియ ఆ స్కూల్లో చదువుకోలేదు.

జన్యువు ఉండడం వేరు, అది పనిచెయ్యడం వేరు. ఈ ఒక్క వాక్యం మనుషుల బుర్రకెక్కడానికి ఇంత కష్టమెందుకో ఆవిడకు ఏనాడూ బోధపడలేదు. దేహంలోని ప్రతి కణం దగ్గరా ఉన్నది అదే పుస్తకం. కాలి గోటి దగ్గరున్న కణమూ అదే పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది, కంటి పొరలోని కణమూ అదే పట్టుకుని కూర్చుంటుంది. తేడా అల్లా ఎవరు ఏ పేజీ తెరిచారు, ఎంత గట్టిగా చదువుతున్నారు అన్నదే. ఆ గట్టిదనాన్నే కొలిచారు. ఎవరి ముత్తాతనూ తవ్వి తియ్యలేదు. పొద్దున్న డాక్టర్ శ్రీనిధి తన గదిలో కూర్చోబెట్టి ఎంత ఓపికగా చెప్పింది! వరంగల్ వైపు పిల్ల, హైదరాబాదులో చదివి నెలకోసారి ఇక్కడికి వచ్చే కార్నియా డాక్టరు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరే కార్నియా అని, అది మనవరాలు ప్రత్యూషకు పల్చబడి శంఖంలా ముందుకు సాగిపోతోందని, కెరటోకోనస్ అంటే అదేనని భానుప్రియకు బొమ్మ గీసి మరీ చూపించింది. బొమ్మ చూసిన భానుప్రియ అడిగిన మొదటి ప్రశ్న, "కేరెట్ జ్యూస్ పట్టమంటారా?" అని. ఉషారాణి అప్పుడు కిటికీలోంచి బయటికి చూసింది. బయట లారీలు, వాటి వెనక దుమ్ము, ఆ దుమ్ములో కళ్ళు నలుపుకుంటూ ఆటో కోసం నిలబడ్డ జనం. కళ్ళు నలుపుకోవద్దే, నలుపుకోవద్దే అని ఆ పిల్లకు ఎన్నివందలసార్లు చెప్పారో, బొగ్గు బళ్ళు పగలూ రాత్రీ నడిచే ఊళ్ళో కళ్ళు నలుపుకోకుండా బతకడమెలాగో మాత్రం చెప్పినవాళ్ళు లేరు.

కిందటేడు కుడి కంటికి చికిత్స చేసినప్పుడు, మందు లోపలికి దిగడానికి వీలుగా పై పొరను మెల్లగా గీకి తీశారు. ఆ గీకిన పొరను పారెయ్యకుండా, ప్రత్యూషను అడిగే, హైదరాబాదుకు పంపారు. అక్కడ చూస్తే, కార్నియాలోని పోగుల్ని ఒకదానితో ఒకటి కుట్టి పట్టి ఉంచే ఎంజైమును తయారుచేసే జన్యువు ఈ పిల్లలో నిద్రపోతున్నట్టు మందకొడిగా ఉంది. ఆ పోగుల్ని కరిగించే ఎంజైము జన్యువు మాత్రం మహా హుషారుగా ఉంది. "అంటే మేడమ్, కుట్టేటోడు కూసున్నడు, కత్తిరించేటోడు పని చేస్తున్నడు," అంది శ్రీనిధి. ఉషారాణికి పోలికలంటే పడదు, పోలిక చెప్పిన ప్రతిసారీ పిల్లలు పోలికనే గుర్తుపెట్టుకుని సంగతిని మర్చిపోతారు. అయినా ఈ పోలికను మనసులో మన్నించింది. చికిత్స చేసేదీ ఆ కుట్టుపనే. బి-టూ విటమిన్ కలిపిన పసుపుపచ్చని చుక్కలు వేసి, కన్ను బాగా నానాక, అతినీలలోహిత దీపం పెడితే పోగుల మధ్య కొత్త ముడులు పడతాయి. అయితే సొంత కుట్టు మందకొడిగా ఉన్న కళ్ళు ఈ చికిత్సకు కూడా అంతగా స్పందించడం లేదని తాము చూసిన కొద్దిమందిలో కనిపించిందని, ఇది ఇంకా పరిశోధనేనని, ఖాయంగా ఏమీ అనలేమని శ్రీనిధి చెప్పింది. అలా చెప్పడం ఉషారాణికి నచ్చింది. తెలియనిదాన్ని తెలియదనే డాక్టర్లు తగ్గిపోతున్నారు. "కానీ మీ ప్రత్యూష మా లెక్కను తప్పుచేసింది మేడమ్. కుడి కంటితోని బోర్డు మంచిగ చదివింది. రాయపూర్ల తీసిన కార్నియా పటంల జర ముందుకొచ్చినట్టు కనబడ్డది గాని, ముందురోజు దాక గట్టి లెన్సు పెట్టుకున్ననన్నది గద, లెన్సు ఒత్తిడికి పటం తప్పొస్తది, దాన్ని లెక్కల తీసుకోలే. ఇంత మంచిగ స్పందించిన పిల్ల కాబట్టి ఇయ్యాల ఎడమ కంటికి దీపం తక్కువసేపే పెడ్తం. నొప్పీ తక్కువ, మానుడూ జల్ది." మినహాయింపు! తన మనవరాలు ఒక మినహాయింపు అన్న ఆలోచన పొద్దున్న ఉషారాణికి ఎంత సంతోషం కలిగించిందంటే, ఆవిడ ఆ గదిలోంచి బయటికి వస్తూ భానుప్రియ చెప్పుల్ని కూడా తన చెప్పులతోపాటు సరిగ్గా పెట్టింది.

ఆ సంతోషం ఇప్పుడెందుకు ఒంటికి పట్టడం లేదో తెలియలేదు. టీవీలో ఎవరో స్వామీజీ ఏ రాశివాళ్ళు ఏ రంగు చొక్కా వేసుకోవాలో హిందీలో చెబుతున్నాడు. కంటి ఆసుపత్రిలో కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చున్న మనుషులకు రంగుల సంగతి. కట్టేద్దామంటే రిమోటు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు, అడిగితే ఆ ఎవరో టీకి వెళ్ళారు. ఎదురుగోడ దగ్గర అక్షరాల బోర్డు వేలాడుతోంది, పై నుంచి కిందికి చిన్నబడుతూ వెళ్ళే ఇంగ్లీషు అక్షరాలు. దాని ముందు స్టూలు మీద ఒక ముసలాయన, కోల్ కంపెనీ పెన్షనరై ఉంటాడు, పెన్షనర్ల తరహాలో జేబులో రెండు పెన్నులు. పరీక్ష చేసే అమ్మాయి విసుగు దాచుకోకుండా కింది లైను చదవమంటోంది, "దాదా, నీచేవాలీ లైన్ పఢియే." దాదా మెడ ముందుకు సాచాడు, వెనక్కి తీశాడు, కన్ను చిట్లించాడు. "దిఖ్తా నహీ బేటీ." "కోషిష్ కీజియే." కనబడనిదాన్ని ప్రయత్నిస్తే కనబడుతుందా? చూపు ఏమైనా వినయమా, ప్రయత్నించి తెచ్చుకోవడానికి? అనుకుంటూ ఉషారాణి అద్దాల్ని వెలుతురుకు ఎత్తి చూసుకుంది, ఇంకా ఒక మూల మరక ఉంది, మళ్ళీ తుడిచింది, కళ్ళజోడు లేని కంటికి ఎదురుగోడ మీద బోర్డు వట్టి తెల్లని పలకలా ఉంది, ఒక్క అక్షరం లేదు, ఉతికి ఆరేసిన గుడ్డ. అయినా తన పెదాలు కదులుతున్నాయి. ఎఫ్ ఈ ఎల్ పీ ఓ జెడ్ డీ. దాదా చదవలేకపోయిన ఆ లైను, తాను చూడలేని ఆ లైను, లోపల ఎక్కడో రైలు చక్రాలు పట్టా అతుకుల మీద పడే లయలో, తనంతట తానే నడిచి వెళ్ళిపోయింది. చేతిలో గుడ్డ ఆగిపోయింది.

సూర్యం. ఇది భర్త సూర్యం గొంతు. స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని, పాత రైల్వే క్వార్టరు వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ, ఈ, ఎఫ్ పీ, టీ ఓ జెడ్, ఎల్ పీ ఈ డీ. కళ్ళ పరీక్ష నెల వచ్చిందంటే ఆ వీధిలో డ్రైవర్ల ఇళ్ళన్నిట్లోనూ అదే వినబడేది, వంటింట్లోంచి పోపు వాసన, వరండాలోంచి ఇంగ్లీషు అక్షరాలు. కొత్తగా వచ్చిన ఎవరైనా డ్రైవర్లంతా ముసలితనంలో బడిలో చేరారనుకునేవారు. ఎవరి ఇంట్లోనూ బోర్డు ఉండేది కాదు. ముందు తరం డ్రైవర్ల నోటి నుంచి తరవాతి తరం చెవికి, వేదం వచ్చినట్టు వచ్చింది అది. ఆసుపత్రిలోంచి పరీక్ష అయి బయటికి వచ్చినవాడు వరసలో నిలబడ్డవాళ్ళకు మీసం దువ్వుకుంటూ సైగ చేసేవాడు: పాత బోర్డే. కళ్ళజోడు లేకుండా నిలబడి అన్ని లైన్లూ చదివితేనే ప్యాసింజరు బండి. లేకపోతే షెడ్డులో బల్ల ముందు కూర్చునే ఉద్యోగం. "నీ వెనక పెట్టెల్లో వెయ్యిమంది నిద్రపోతుంటారు," అంది ఉషారాణి ఒకసారి. "సిగ్నలు కనబడతాది నాకు. రంగులకేటి కష్టం? ఆ చీమ అక్షరాలే కనబడవు. బండి నడిపేటప్పుడు చీమల్ని చదవాలా ఏటి?" అన్నాడు సూర్యం. తరవాత తానుగా, గొంతు తగ్గించి, "కొంచెం అప్పజెప్పించుకోవే," అన్నాడు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పజెప్పించుకునే పని పదేళ్ళ కొడుకు తిరుమలరావుకు దక్కింది. ఆవిడ ఆ పాఠాన్ని ఎన్నడూ నేర్చుకోలేదు, ఎన్నడూ వినాలని వినలేదు, దాన్ని అసహ్యించుకుంది. అసహ్యించుకుంటూనే మొత్తం నోటికి వచ్చేసింది. చెవులకు రెప్పలుండవు.

చివరికి ఒక ఏడాది సూర్యం దొరికిపోయాడు. కింది లైన్లో ఎక్కడో రెండు అక్షరాలు అటూ ఇటూ అయ్యాయట. డాక్టరు లేచి బోర్డును తిప్పి గోడకు తగిలించాడట. దాని వెనకవైపు హిందీ అక్షరాలున్నాయి. హిందీ అక్షరాల్ని ఎవరూ కంఠస్థం చెయ్యలేదు. అంతే, మెయిలు బళ్ళు నడిపిన మనిషి షెడ్డులో బల్ల ముందు కూర్చున్నాడు, పోయేదాకా. ఆ డాక్టరు చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని అని ఉషారాణి అప్పుడూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంటుంది. ఎక్కడ తప్పావని ఒక్కసారే అడిగింది. "ఏటే, నువ్వూ మార్కులేస్తావా?" అని నవ్వేశాడు. ఆ తరవాత ఏ రైలు కూత వినబడినా అది ఎవరు నడుపుతున్నారో చెప్పేవాడు, కూత పట్టే తీరునుబట్టి. ఒళ్ళో మనవరాలుండేది, దానికి జోల కావాలి, జోలపాటలు అతనికి ఒక్కటీ రావు. ఈ, ఎఫ్ పీ, టీ ఓ జెడ్. రెండేళ్ళ ప్రత్యూష బొటనవేలు నోట్లో పెట్టుకుని, ఆ లయకు తల ఊపుతూ నిద్రపోయేది.

ఉషారాణి కళ్ళజోడు పెట్టుకుంది. ఆపరేషను గది తలుపులో చిన్న గాజుపలక ఉంది. అందులోంచి ఆకుపచ్చ గుడ్డలు, వంగి ఉన్న నర్సు వీపు, పైకెత్తిన చేతిలో పచ్చని సీసా. చుక్కలు వేస్తున్నారు. ఇంకా నానాలి. ఇంకా దీపం వెయ్యలేదు. ఎందుకు ఈ లెక్క వేస్తున్నావు, అని తనను తాను అడిగింది, జవాబు తెలిసీ. కుడి కంటికి చికిత్స అయిన కొన్నాళ్ళకు ఇదే హాల్లో, ఇదే బోర్డు ముందు పరీక్ష చేయించుకుని వచ్చి, "మామ్మా, ఫటాఫట్ చదివీసేను, డాక్టర్ ఏకదమ్ షాక్!" అంది ఆ పిల్ల, బూట్లు కూడా విప్పకుండా ఇల్లంతా గంతులు వేస్తూ. ఆ సాయంత్రమే తనకు టీ పోస్తూ కప్పు పక్కన పోసింది. నవ్వేసింది. నవ్వడంలో తాత. దయాల్‌బంద్ సందులో నడిచేటప్పుడు ఎప్పుడూ మామ్మను తన కుడిపక్కన ఉంచుకుని చెయ్యి పట్టుకుంటుంది. ముసలిదాన్ని, నన్ను నడిపిస్తోందనుకున్నాను, ఎంత మురిసిపోయాను, నేను దానికి గోడనన్నమాట. దినపత్రికను ఎడమవైపుకు తిప్పి చదువుతుంది. ఇవాళ పొద్దున్న హాల్లోకి అడుగు పెట్టగానే గోడవైపు తల తిప్పి, "అరే, అదే బోర్డు ఇంకా ఉంది," అంది, పాత స్నేహితురాలు కనబడ్డట్టు. మరి ఆ లెన్సు? ముందురోజుదాకా పెట్టుకున్నానన్న ఆ గట్టి లెన్సు? స్నానాలగది అరమీద దాని డబ్బా తాను స్వయంగా కడిగింది. అడుగున నీరు ఎండి తెల్లగా ఉప్పులా కట్టుకుపోయి ఉంది, గోరుతో గీకితేగాని రాలేదు.

"భానూ, దాని లెన్సు పెట్టుకోవడం ఎప్పుడు మానేసింది?"

"ఏ లెన్సు? ఆ గాజుదా? దీపావళి నుంచీ ఎక్కడ పెట్టుకుంటోంది అత్తయ్యా. గుచ్చుకుంటోందని విసిరి పడేసింది కదా."

"మొన్న రాయపూర్‌లో పటం తీసినప్పుడు పెట్టుకున్నానని డాక్టరుతో చెప్పింది. నువ్వు పక్కనే ఉన్నావు."

"అలగన్నాదా?" భానుప్రియ కాస్త ఆలోచించింది. "ఏమో, వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే నేను వినలేదు. నన్నేటీ అడగలేదు కదా మరి."

అడగలేదు! ఈ ఇంట్లో ఎవరినీ ఎవరూ ఏదీ అడగరు, అడగలేదు కాబట్టి ఎవరూ ఏదీ చెప్పరు, ఆ నిశ్శబ్దానికి కాపురం అని పేరు. ఉషారాణికి ఒళ్ళు మండింది, కోడలి మీద కాదు, కోడలి మీద కూడా. పైన స్వామీజీ మేషరాశికి ఎరుపు అన్నాడు. ముగ్గురు సాక్షులు. జన్యువులు కన్ను మొరాయిస్తుందన్నాయి. పటం, అవును మొరాయించింది అంది. బోర్డు ఒక్కటే బ్రహ్మాండం అంది. ఇంత చదువుకున్నవాళ్ళు నిజం చెప్పిన ఇద్దరినీ కుర్చీలోంచి లేపేసి, అబద్ధం చెప్పిన ఒక్కదాని మాట మీద తీర్పు రాశారు. ఆ తీర్పు విని తాను, మనవరాలు మినహాయింపని మురిసిపోయి చెప్పులు సర్దింది. ఇప్పుడు ఆ తీర్పు ప్రకారమే మిగిలిన ఒక్క కంటికి తక్కువ వెలుగు పెట్టబోతున్నారు. మందకొడి కుట్టున్న కన్ను. ఎక్కువసేపు పెట్టినా నిలుస్తుందో లేదో తెలియని కన్ను.

ఫోను మోగింది. తిరుమలరావు, తండ్రిలాగే రైలు డ్రైవరు, అనూప్‌పూర్‌లో డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్ నుంచి, నిద్రగొంతుతో. "అయిపోయిందా అమ్మా? దాని మెడికల్ లోపు మానిపోతాది కదా?"

మెడికల్. ప్రత్యూష అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్ష పాసైంది, మిగిలింది రైల్వేవాళ్ళ కళ్ళ పరీక్షే. తాత దిగిపోయిన బండి నేనెక్కుతాను మామ్మా అంది. ఇలాంటి కళ్ళతో ఆ ఉద్యోగం రాదని శ్రీనిధి మొదటిరోజే స్పష్టంగా చెప్పింది. ఆ పిల్ల విననట్టు తల ఊపింది, ఉషారాణి కూడా, నిజం చెప్పుకోవాలంటే, ఇంజను కిటికీలో మనవరాలి జడను ఊహించుకోవడం మానలేదు.

"తిరుమలా, దానికి ఆ అక్షరాల బోర్డు నువ్వు నేర్పేవా?"

అవతల తిరుమల లేచి ఫ్యాను కట్టేసిన చప్పుడు వినబడింది.

"నాన్న నేర్పేడమ్మా. నేను... నేను అప్పజెప్పించుకున్నాను. అంతే."

అంతే! ఉషారాణి ఫోను పెట్టేసింది. సూర్యం, తిరుమల, ఇప్పుడు ఇది. మూడు తరాలు, ఒకరు చదవడం, ఒకరు అప్పజెప్పించుకోవడం. వంశమంటే ఇదే కాబోలు, భానుప్రియ తల్లికి ఫోను చేసి చెప్పాలి, దొరికింది వదినగారూ, మా వైపునుంచే వచ్చింది. నవ్వు రాబోయి ఆగిపోయింది. చెబితే ఏమవుతుంది? కుడి కన్ను విఫలమైనట్టు ఇక్కడ కాగితాల్లోకి ఎక్కుతుంది, ఈ బోర్డు మళ్ళీ దానికి పనిచెయ్యదు, ఆ ఇంజను కిటికీ మూసుకుపోతుంది, మూసింది రైల్వే కాదు డాక్టరు కాదు, మామ్మ. జీవితాంతం ఆ పిల్ల కూత వినబడ్డ ప్రతిసారీ ఎవరు నడుపుతున్నారో చెబుతుంది, నావైపు చూడకుండా. చెప్పకపోతే? చెప్పకపోతే తక్కువసేపు దీపం, త్వరగా మానిన కన్ను, మెడికల్ గదిలో ఒక అందమైన అప్పగింత; ఆ తరవాత ఒకరోజు కప్పు పక్కన పడే టీ రెండు కళ్ళకూ తెలియదు. సూర్యానికి బోర్డు తిప్పడానికి ఒక డాక్టరున్నాడు. ఆవిడ ఆనాడు వంటింట్లోకి వెళ్ళిపోయి చేతులు కడుక్కుంటే సరిపోయింది, ఎవరో పరాయివాడు ఆ పని చేసిపెట్టాడు. ఇక్కడ ఈ హాల్లో ఎవరున్నారు? స్వామీజీ ఉన్నాడు. గాజుపలకలోంచి చూస్తే నర్సు పచ్చసీసాకు మూత పెడుతోంది.

ఆవిడ లేచి వెళ్ళి తలుపు తట్టింది. నర్సు సగం తెరిచి, "అమ్మాజీ, అందర్ నహీ," అంది. "అందర్ రావాలని నాకూ లేదు. దీపం వెయ్యకముందు డాక్టరుగారిని పిలు," అంది ఉషారాణి హిందీలో, నల్లబల్ల ముందు నిలబడే గొంతుతో. తలుపు మళ్ళీ మూయడం నర్సుకు చేతకాలేదు. శ్రీనిధి ముసుగు గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చింది.

"ఏమైంది మేడమ్? అంతా మంచిగనే నడుస్తున్నది."

"దీపం తక్కువసేపు పెట్టకండి. కుడి కన్ను స్పందించలేదు. మీ జన్యువుల పరీక్ష సరైనదే. రాయపూర్ పటమూ సరైనదే. దీపావళి తరవాత అది లెన్సు పెట్టుకోలేదు. తప్పు సాక్ష్యం ఆ బోర్డొక్కటే."

"బోర్డెట్ల తప్పయితది? ఇక్కడనే చదివింది గద."

"చదవలేదు. అప్పజెప్పింది."

శ్రీనిధి నవ్వింది, పెద్దవాళ్ళను సముదాయించేందుకు చదువుకున్నవాళ్ళు దాచి ఉంచుకునే ఆ మెత్తని నవ్వు. ఉషారాణికి ఆ నవ్వంటే జన్మవైరం. ఆవిడ గోడవైపు వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ." ముసలాయన స్టూలు మీదే ఇటు తిరిగాడు. "పీ, ఈ, సీ, ఎఫ్, డీ." శ్రీనిధి కళ్ళు ఆవిడ భుజం మీదుగా గోడ మీదికి వెళ్ళాయి, అక్కడినుంచి ఒక్కొక్క లైనే కిందికి దిగుతున్నాయి, నవ్వు ఎక్కడో మధ్యలో రాలిపోయింది. "ఈ డీ ఎఫ్ సీ జెడ్ పీ. ఎఫ్ ఈ ఎల్ పీ ఓ జెడ్ డీ." తాను ఎంత విడివిడిగా పలకాలనుకున్నా చక్రాల లయ గొంతులోకి వచ్చేసింది, ఆపుకోలేకపోయింది, శ్రీనిధి కనుబొమ్మ ఒకసారి కదిలింది, ఆశ్చర్యం కాబోలు అనుకుంది. "డీ ఈ ఎఫ్ పీ ఓ టీ ఈ సీ. హిందీ వైపు రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు."

"ఉండమ్మా, మళ్ళీ చేస్తాను," అంటోంది వెనక భానుప్రియ, ఫోనులో తల్లితో.

"ఇంట్ల అందరికొస్తదా ఇది?" అంది శ్రీనిధి మెల్లగా.

"మా ఇంట్లో జోలపాట."

డాక్టరు లోపలికి తిరిగి, "సిస్టర్, పాత పద్ధతిల చేద్దాం. నెమ్మదిగ, పూర్తిసేపు. సెట్టింగు మార్చు," అంది. తరవాత ఇటు తిరిగి, "కుడి కంటికి మళ్ళ పటం తీస్తం మేడమ్. నిలుస్తదని నేను మాటివ్వలేను," అంది. "మాట అడగలేదు," అంది ఉషారాణి. తలుపు ఇంకా తెరిచే ఉంది. ఆకుపచ్చ గుడ్డల మధ్య, రెప్పలకు క్లిప్పు పెట్టిన ఒక కన్ను పైకప్పువైపు చూస్తోంది. తల కదపకూడదు, కదపలేదు.

"మామ్మా."

"ఊఁ."

"చెప్పీసేవా?"

"చెప్పేసేను."

ఆవిడ ఏడుపుకు సిద్ధపడింది, కోపానికి సిద్ధపడింది. రెండింటికీ జవాబులు వాక్యాలుగా కట్టి ఉంచుకుంది. లోపల ఏదో యంత్రం సన్నగా మోగుతోంది.

"చెప్తే చెప్పేవు, సరిగ్గా చెప్పాలి కదా. ఏడో లైను తప్పు. ఎల్ తరవాత ఓ, తరవాతే పీ. నువ్వు పీ ముందు చెప్పేవు. తాత కూడా ఎప్పుడూ అలగే చెప్పీవోడు. అక్కడే దొరికిపోయేడు మామ్మా. నాకొక్కదానికే చెప్పి, దిద్దీసి మరీ నేర్పేడు."

నర్సు తలుపు మూసింది. తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది. "ఏటయ్యింది అత్తయ్యా, ఏటి తప్పు?" అంటూ భానుప్రియ వెంట వస్తోంది; ఉషారాణి కుర్చీల వరస దాటి, స్టూలు మీది ముసలాయనను కాస్త పక్కకు జరగమని, గోడకు జానెడు దూరంలో ఆగింది. కళ్ళజోడు సరిచేసుకుని ఏడో లైను మీద వేలు పెట్టింది. ఎఫ్. ఈ. ఎల్. ఓ. పీ. పిల్ల చెప్పిందే సరి. చూసిందే నమ్మండి, విన్నది నమ్మకండి అని ఎన్ని తరాల పిల్లల చేత నోట్సు రాయించిన మనిషి. ఈ లైనును వినడమే తప్ప, నడిచివచ్చి చూడడం ఇదే మొదటిసారి. వేలు ఆ రెండక్షరాల మీదే ఉంది. వెనక తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతూ ఉంది, ఇవాళ అది పూర్తిసేపు వెలుగుతుంది.